కొంటాలో నీడకు తోడెవరు?

మామిడిచెట్టుకు తూర్పువైపున, పొద్దుటి ఎండ రెండు గంటలు మాత్రమే పడే చోట, ఎనిమిది వయొలెట్ మొక్కలు వరుసగా ఉన్నాయి. ఊదారంగు రేకులు, మధ్యలో పసుపు చుక్క. జగదల్‌పూర్ నర్సరీ నుంచి తెచ్చిన నారు. నాటి నెలన్నర అయింది. ‘‘నిరుడు వీటి పక్కన బంతి వేశాను. బంతికి నీడ పడలేదు, వీటికి బంతి పడలేదు. ఈసారి ఏం వెయ్యమంటారు?’’ అనడిగారు ఆ ఇంటి ఉపాధ్యాయురాలు.

నేను కొంటా వెళ్లింది పూలమొక్కల కోసం కాదు. శబరి ముంపు గురించి నదీతీరంలో ఉన్నవాళ్లతో మాట్లాడదామని వెళ్లాను. కానీ ఆ పెరట్లో గంటసేపు కూర్చున్నాక రెండూ ఒకే కథేమో అనిపించింది.

ఛత్తీస్‌గఢ్‌కు దక్షిణాన చిట్టచివరి పట్టణం కొంటా. ఒకప్పటి బస్తర్‌లో, తర్వాత దంతెవాడలో ఉండి, 2012లో కొత్తగా ఏర్పడిన సుక్మా జిల్లాలోకి వచ్చింది. శబరి దాటితే ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా. రోడ్డు మీద దక్షిణానికి దిగితే 2014లో ఖమ్మం నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు. సంతలో దోర్లా, హిందీ, తెలుగు కలిసే వినిపిస్తాయి. బేరం మాత్రం ఎక్కువగా తెలుగులోనే సాగుతుంది. ఎత్తు తక్కువ, ఎండ ఎక్కువ. మేలో 45 డిగ్రీలు ఇక్కడ వార్త కాదు.

అలాంటి చోట వయొలెట్ ఏమిటన్నది సహజంగా వచ్చే ప్రశ్న. ప్రపంచంలో 500కు పైగా వయొలెట్ జాతులున్నాయి. ఎక్కువ భాగం చల్లని దేశాలవి. మన దగ్గర హిమాలయాల్లో పెరుగుతాయి. యునాని వైద్యులు దగ్గు మందుల్లో వాడే బనఫ్షా వాటిలోదే. కుండీల్లో అమ్మే ఆఫ్రికన్ వయొలెట్‌కు పేరే తప్ప ఈ కుటుంబంతో చుట్టరికం లేదు. అది టాంజానియా కొండల మొక్క. అసలు చుట్టం ఒకటి కొంటా రోడ్ల పక్కనే దొరుకుతుంది. ఒకే ఒక్క పెద్ద రేకుతో గులాబీ, ఊదా కలిసిన రంగులో పూసే రత్నపురుష. ఆయుర్వేదంలో పేరున్న ఈ చిన్న మొక్క వయొలెట్ కుటుంబానిదే. అయితే దానికి ఎండే ఇష్టం. చెట్టు కిందకు తెస్తే సాగిపోయి పూత మానేస్తుంది. చుట్టమైనంత మాత్రాన తోడు కాదు.

తోడు మొక్కను ఎంచుకునేటప్పుడు చూడవలసినవి మూడు. వేరు ఏ లోతున ఉంటుంది, ఆకు ఎంత ఎత్తుకు లేస్తుంది, ఏ నెలలో మేలుకుని ఏ నెలలో పడుకుంటుంది. వయొలెట్ వేరు పైపైనే ఉంటుంది. మొక్క జానెడు ఎత్తు మించదు. యూరప్ అడవుల్లో తీపి వాసన వయొలెట్ చేసే పని తెలివైనది. చెట్లు చిగురించకముందే, నేల మీద వెలుగు ఉన్నప్పుడే పూసేస్తుంది. అందుకే అక్కడి తోటమాలులు దాని పక్కన ఆలస్యంగా ఆకు విప్పే ఫెర్న్‌లూ, హోస్టాలూ వేస్తారు. ఒకటి తగ్గేసరికి ఇంకొకటి లేస్తుంది.

ఇదే లెక్కను కొంటాకు మార్చి చెప్పింది ఆ పెరట్లో పనిచేసే పెద్దావిడ. దోర్లా కుటుంబం, వయసు అరవై దాటి ఉంటుంది. వయొలెట్ పేరు ఆమెకు తెలియదు. మొక్కల మధ్య మట్టిని వేలితో కదిపి చూపించింది. బెత్తెడు లోతున పాలగుండ దుంపలు. ‘‘పడుకున్న దుంప మీద పూలేసుకుంటే దానికేం బాధ టీచరమ్మా? వానలొస్తే అదే లేస్తది’’ అంది.

పాలగుండ బస్తర్ అడవుల నీడలో పుట్టిన మొక్క. హిందీలో తీఖుర్ అంటారు. పసుపుకు దగ్గరి బంధువు. దుంపను తురిమి, చేదు పోయేదాకా నీళ్లు మార్చి మార్చి కడిగితే అడుగున తెల్లటి పిండి పేరుతుంది. ఎండలు ముదిరినప్పుడు ఆకుకంటే ముందు పూవు నేలలోంచి లేస్తుంది. తొలకరితో ఆకులు పరుచుకుని, చలికాలానికి ఎండిపోతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దుంప నిద్రలో ఉంటుంది. మైదానాల్లో వయొలెట్ బతికేది సరిగ్గా ఆ నాలుగు నెలలే. ఒకే జాగాలో ఇద్దరు అద్దెకున్నా ఎదురుపడరు.

పసుపూ అలాంటిదే. కాకపోతే దాన్ని జనవరి తర్వాత తవ్వాలి, వయొలెట్ వేళ్లు కదులుతాయి. కాబట్టి పసుపు కొంచెం ఎడంగా, వెనక వరుసలో ఉండాలి. చామకు తడి ఎక్కువ కావాలి గనక నీళ్ల తొట్టి పక్కకు పోవాలి. ముందు వరుసకు భూచంపకం బాగుంటుంది. అదీ ఎండాకాలంలోనే, ఆకు లేకుండా, తెలుపు, ఊదా కలిసిన పూలతో నేలను అంటుకుని పూస్తుంది. వయొలెట్లు ఎండిపోయాక ఆ రంగు మళ్లీ కనిపిస్తుంది.

చెట్టును కూడా ఎంచుకోవాలి. చింత కింద నీడ మరీ దట్టం, ఏదీ సరిగా ఎదగదు. ఇప్ప కింద వేయకూడదు. మార్చి, ఏప్రిల్‌లలో పూవు ఏరుకోవడానికి నేల శుభ్రం చేస్తూ ఆకులు కాలుస్తారు. మామిడి, పనస మేలు. వాటి కింద రాలిన ఆకును ఊడ్చేయకుండా కుళ్లనిస్తే చాలు, ఎరువు కొనక్కర్లేదు.

ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే పెద్దావిడ తన ఊరి సంగతి చెప్పింది. లోపలి అడవిలో ఆమె ఇంటి వెనక రెండు పనసలు, ఒక మామిడి ఉండేవి. వాటి కింద అత్తగారి కాలం నుంచీ పాలగుండ ఉంది. 2005లో సల్వాజుడుం మొదలైంది. మరుసటి ఏడు ఊరు ఖాళీ అయింది. కొందరు సరిహద్దు దాటి ఖమ్మం అడవుల్లోకి పోయారు. ఆమె కుటుంబం రోడ్డు పక్క శిబిరానికి చేరింది. ‘‘రేకుల కింద నీడుంటది, చల్లదనం ఉండదు’’ అంది. 2011 జూలై 5న సుప్రీంకోర్టు గిరిజన యువకులను ప్రత్యేక పోలీసులుగా ఆయుధాలతో దించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత ఎప్పుడో ఆమె ఊరు చూసి రావడానికి వెళ్లింది. ఇల్లు కూలిపోయింది. చెట్లు ఉన్నాయి. వాటి కింద ఎవరూ వేయకుండానే పాలగుండ లేచి ఉంది. నాలుగు దుంపలు తవ్వి ఒడిలో కట్టుకుని వచ్చింది. ఈ పెరట్లో ఉన్నవి వాటి పిల్లలే.

దుంప ఒడిలో వస్తుంది. నీడ రాదు. పనస పందిరిలా కమ్ముకోవడానికి పది పదిహేనేళ్లు కావాలి. అన్నేళ్లు ఒకేచోట ఉంటామన్న నమ్మకం కావాలి. కొంటాలో కరువైంది అదే.

ఇప్పుడు భయం నది వైపు నుంచి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు శబరి వెనక్కి తన్ని ఈ ప్రాంతాన్ని ముంచింది, జాతీయ రహదారి నీళ్లలో ఉండిపోయింది. ఈ పెరట్లోకీ నీళ్లు వచ్చాయి. పసుపు మొత్తం కుళ్లిపోయింది, పాలగుండ గట్టువైపున్నది మిగిలింది, మామిడి తట్టుకుంది. పోలవరంలో 45.72 మీటర్ల పూర్తి మట్టానికి నీళ్లు నిలిపితే శబరి ఎంత మేర ఎగదన్నుతుందన్నది రాష్ట్రాల మధ్య వివాదం. ఛత్తీస్‌గఢ్, ఒడిశా రెండూ సుప్రీంకోర్టు మెట్లెక్కాయి. భూమి పోతే పరిహారం లెక్కల్లో చెట్టుకు ధర కడతారు. ఆ చెట్టు నీడకు అలవాటుపడిన దుంపకు, దాన్ని ఎప్పుడు కదపాలో తెలిసిన చేతికి పద్దు లేదు.

లేచేముందు ఉపాధ్యాయురాలు మళ్లీ అదే ప్రశ్న వేశారు, ఈసారి పెద్దావిడతో. కొత్తగా ఏమీ కొననక్కర్లేదని తేలింది. గట్టువైపు పాలగుండ అలాగే ఉంటుంది, పసుపు వెనక్కి జరుగుతుంది, సంతలో దొరికితే భూచంపకం నాలుగు దుంపలు ముందు వరుసకు వస్తాయి. ఫిబ్రవరి దాటితే వయొలెట్లు ఉండవు. ఎండలు ముదిరాక అదే తడిమట్టిలోంచి పాలగుండ పూవు లేస్తుంది. ‘‘ఆకు వానల్లో వస్తది’’ అంటూ పెద్దావిడ నది వైపు ఒకసారి చూసింది. ‘‘వానే రావాలి, నది రాగూడదు.’’