పది డిగ్రీల గాలి

నవంబరు మూడోవారం, సోమవారం పొద్దున బఫెలోలో విమానం దిగేసరికి చలి ఉంది గానీ మంచు జాడ లేదు. "సరిగ్గా వారం చూసుకుని వచ్చారు మామయ్యా" అన్నాడు అల్లుడు, పెట్టెలు డిక్కీలో సర్దుతూ. బుధవారం నుంచి స్నో అట. ఎంత పడుతుందయ్యా అంటే, "మనకి రెండంగుళాలు. కాదంటే రెండడుగులు" అన్నాడు. నేను నెల్లూరివాణ్ణి. అల్పపీడనం, వాయుగుండం, తుపాను వింటూ పెరిగినవాణ్ణి. అయినా ఇలాంటి బేరం మాటలాడే వాతావరణ సూచన ఎన్నడూ వినలేదు.

వాళ్ల ఇల్లు ఊరికి ఉత్తరాన ఆమ్‌హర్స్ట్‌లో. మర్నాడు ఈరీ సరస్సు చూపించాడు. సరస్సంటే మన పులికాట్ లాంటిదే అనుకున్నాను. నైరుతి దిక్కుకు చూస్తే నీళ్లు తప్ప ఇంకేమీ లేవు. 388 కిలోమీటర్ల పొడవున నైరుతి నుంచి ఈశాన్యానికి పడుకుని ఉంటుంది, ఆ ఈశాన్యపు కొసనే బఫెలో. సగటు లోతు మాత్రం 19 మీటర్లే. అమెరికా మహాసరస్సులు ఐదింటిలో ఇదే లోతు తక్కువది కనుక, చలి ముదిరేసరికి తరచు గడ్డకట్టేస్తుంది. అప్పుడిక ఈ మంచు గొడవ చాలావరకు సద్దుమణుగుతుంది. నవంబరులో అలా కాదు, ఎండాకాలపు వేడి నీళ్లలో ఇంకా మిగిలే ఉంటుంది. వేలు ముంచి చూసి చటుక్కున తీసేశాను. నాకు ఐసునీళ్లు; కెనడా మీంచి దిగే గాలికి మాత్రం అవే ఎసరు.

సూచన ఎలా చెబుతారో అల్లుడు విడమరిచాడు. సరస్సు పైనీటికీ, ఒకటిన్నర కిలోమీటరు ఎత్తున ఉన్న గాలికీ 13 డిగ్రీల తేడా వస్తే కథ మొదలైనట్టే. నీళ్లకు తగిలిన గాలి వెచ్చబడి, తడి పీల్చి, తేలికై పైకి లేస్తుంది. పైన చల్లారి మేఘమవుతుంది, ఒడ్డెక్కి మంచు దింపుతుంది. గాలి సరస్సు పొడవునా వీచిందంటే మేఘాలన్నీ కూడి ఒకే ఒక సన్నటి పట్టీ అవుతాయి. ఆ పట్టీ ఎవరి నెత్తిన నిలబడితే వాళ్లకి అడుగులు, పక్కవాళ్లకి అంగుళాలు. గాలి పది డిగ్రీలు తిరిగితే చాలు, ఈ ఊరి మంచు ఆ ఊరికి పోతుంది. 2014 నవంబరులో దక్షిణపు శివార్లలో ఐదడుగులు దాటి పడితే ఉత్తరాన కొద్ది అంగుళాలతో సరిపోయిందట. మేం 1989 కావలి తుపాను చెప్పుకున్నట్టు వీళ్లు దాన్ని చెప్పుకుంటారు.

వింటుంటే నాకు మా ఊరే గుర్తొచ్చింది. కార్తీకంలో నేల మీంచి పొడిగా బయల్దేరిన గాలి బంగాళాఖాతం దాటుతూ తడిసి, నెల్లూరు ఒడ్డున కురవడం ఇలాంటిదే కదా! ఆ వానను నమ్ముకునే మా తమ్ముడు నారు పోస్తాడు.

బుధవారం మా వాకిట్లో ఎండ. దక్షిణాన మాత్రం నేల నుంచి ఆకాశం దాకా బూడిదరంగు గోడ. చూసొద్దామని పోరు పెట్టి అల్లుణ్ణి బయల్దేరదీశాను. ఊరి దక్షిణపు అంచుకు చేరామో లేదో, నిమిషం కిందటి ఎండ ఏమైందో తెలీలేదు. ముందు కారు వెనక దీపాలు రెండు ఎర్ర చుక్కలయ్యాయి, అవీ పోయాయి. అక్కడి నుంచి దారి మూసేశారు. వెనక్కి తిప్పాం. అల్లుడు ఇంటిదాకా మాట్లాడలేదు. తప్పు నాదే.

గురువారం రాత్రి గాలి కాస్త దక్షిణానికి మళ్లింది, పట్టీ ఉత్తరానికి జరిగి మా మీదికొచ్చింది. మంచు కురుస్తుండగా ఉరుము! దూదిలో చుట్టి కొట్టినట్టు ఒకే ఒక్క దెబ్బ. మేఘంలో గాలి అంత జోరుగా పైకి లేస్తోందన్నమాట.

తెల్లారి మనవడి స్కేలు పట్టుకెళ్లి కారు మీద గుచ్చాను. పక్కింటి పెద్దాయన నవ్వాడు. కారు మీది మంచును గాలి ఊడ్చేస్తుందట. ఆయన పెరట్లో తెల్లరంగు చెక్క ఒకటి పరిచి ఉంచాడు, దాని మీదే కొలవాలి. 18 అంగుళాలు.

అమ్మాయి నల్లకోటు చేతి మీద ఒక రేకు వాలింది. ఆరు కొమ్మలు, కొమ్మకొమ్మకీ ఈనెలు. మైనస్ 15 డిగ్రీల దగ్గరి మేఘంలో ఇలాంటివి బాగా పెరుగుతాయి. కొమ్మలు ఒకదాంట్లో ఒకటి ఒదగవు కనుక మధ్యలో అంతా గాలే. ఎంత గాలో చూద్దామని స్టీలు గ్లాసు నిండా, అదమకుండా, మంచు తీసుకుని పొయ్యి మీద పెట్టాను. చిటికెనవేలి గోరు మునిగేపాటి నీళ్లు మిగిలాయి.

అప్పుడే తమ్ముడి ఫోను. "నారుమళ్లు మునిగినాయన్నా. రాత్రి 12 సెంటీమీటర్లు కొట్టింది. మీకాడ ఎంత?"

"18 అంగుళాలురా. బళ్లు మూసేశారు. కరిగిస్తే అంగుళం నీళ్లు."

"అంగుళమేనా? దానికేనా బళ్లు మూసేసింది?"