చికితా నుంచి గోదారి గట్టు దాకా

2025 సంక్రాంతికి అమలాపురంలో ఏ ఆటో ఎక్కినా "గోదారి గట్టు" పాటే. (మేం నిజానికి ఏటిగట్టు అంటాం, అది వేరే సంగతి.) భీమ్స్ సంగీతం, భాస్కరభట్ల సాహిత్యం. మధుప్రియతో కలిసి పాడింది రమణ గోగుల. ఆ గొంతు వినగానే మా మావయ్య అడిగిన మొదటి మాట, "ఇన్నాళ్ళూ ఈయన ఏవైపోయాడ్రా?"

ఏమీ అయిపోలేదు మావయ్యా, ఉద్యోగం చేసుకుంటున్నాడు :)

రమణ గోగులది విశాఖపట్నం. సినిమాలకి ముందే సాఫ్ట్‌వేర్ మనిషి, అంటే మన జాతే. 1996లో "ఆయే లైలా" అని పాప్ ఆల్బమ్ చేశాడు. తరవాత ప్రేమంటే ఇదేరా (1998), తమ్ముడు (1999), బద్రి (2000)... వరసగా. తమ్ముడులో అయితే ఏకంగా పాటంతా ఇంగ్లీషులోనే! బద్రిలో "చికితా" పాట సరేసరి. స్పానిష్‌లో చికితా అంటే చిన్నపిల్ల అని నాకు ఈమధ్యే తెలిసింది. అర్థం తెలీకపోయినా మా అన్నయ్యల కాసెట్లు అరిగిపోవడానికి ఏ అడ్డూ రాలేదు.

ఘంటసాల, బాలు అలవాటైన చెవులకి ఆ గొంతు వింతే. కొంచెం బొంగురు, కొంచెం ముక్కు, మాట్లాడుతున్నట్టే సాగదీస్తాడు. "ఇదీ ఒక పాడడమేనా" అన్నవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. కానీ ప్రేమలో పడ్డ కుర్రాడు శృతి చూసుకుని మాట్లాడతాడా చెప్పండి? నాకు ఆ గొంతు నచ్చింది అందుకే.

వెంకటేష్ "లక్ష్మి"కి (2006) సంగీతం ఇచ్చాక, మళ్ళీ వెంకటేష్ సినిమాలో ఆయన గొంతు వినబడింది 2024 డిసెంబర్‌లో. పద్దెనిమిదేళ్ళు! బాలు గారు కూడా అనంతపురంలో ఇంజనీరింగ్‌లో చేరినవారే. చదువు మధ్యలో ఆగింది, 1966లో పాట మొదలైంది, ఇక వెనక్కి చూడలేదు. ఈయన మాత్రం రెండు పడవల మీదా కాళ్ళు పెట్టి, మునిగిపోకుండా ఒడ్డుకొచ్చాడు.

ఇదంతా ఎందుకంటే, మా కొత్తపేట ఫ్రెండు ఒకడు హైదరాబాద్‌లో నా పక్కనే కూర్చుని కోడు రాస్తాడు. బాగా పాడతాడు. పేపర్లు వేసేసి సినిమాల్లో ప్రయత్నిస్తానంటున్నాడు. ఇంటికి నెలనెలా డబ్బు పంపాలి, చెల్లెలి పెళ్ళి ఉంది. వాళ్ళ నాన్నగారు నాకు ఫోన్ చేసి "నువ్వైనా చెప్పు బాబూ" అన్నారు.

చెప్పాను. ఉద్యోగం వదలకు, శని ఆదివారాలు మాత్రం ఆఫీసుకి అప్పివ్వకు, రమణ గోగులని చూడు అని. వాడు ఒకటే అన్నాడు: "ఆయన చేతిలో అప్పటికే తమ్ముడు, బద్రి ఉన్నాయిరా. నా దగ్గరేముంది?"

దానికి నా దగ్గర జవాబు లేదు. పైగా ఆ పద్దెనిమిదేళ్ళలో ఆయన పాడకుండా ఉండిపోయిన పాటలెన్నో అని నాకే అనిపిస్తోంది. అయినా వాడికి ఉద్యోగం వదలకు అనే చెబుతున్నాను, జీతం వస్తుంటే కనీసం గొంతు బతికుంటుందని. మీరైతే ఏం చెబుతారు?