పైలట్ పనేంటి? విమానం కింద నిలబడి చూసినవాడి మాట



పోయిన వారం ఒక చెల్లి "ఇంటర్ ఎంపీసీ చదువుతున్నా, పైలట్ అవ్వాలని ఉంది" అని పోస్టు పెడితే కింద వరసగా నవ్వు బొమ్మలు పడ్డాయి. ఒక తమ్ముడైతే "ఇప్పుడు విమానాలు వాటంతటవే పోతాయంట కదా, పైలట్‌కు పనేముంది, కూర్చోడమే" అని రాశాడు. నవ్విన వాళ్ల మీద నాకు కోపం లేదు. మన ఊళ్లలో విమానం అంటే ఆకాశంలో ఒక తెల్ల గీత, అంతే. నేను మాత్రం నాలుగేళ్లుగా శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ర్యాంప్ మీద పని చేస్తున్నా. సామాన్లు ఎక్కించడం, దించడం, చక్రాల కింద దిమ్మలు పెట్టడం మా పని. పైలట్ సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు, కానీ ఆ సీట్లో కూర్చునే వాళ్లను రోజూ చూస్తా, అడిగితే చెప్పేవాళ్లు ఉంటే అడుగుతా. అందుకే ఈ పోస్టు. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

పైలట్ పని గాల్లో మొదలవ్వదు. డ్యూటీకి రాగానే గొట్టంలోకి ఊదే పరీక్ష ఉంటుంది. ఫ్లైట్‌కు ముందు 12 గంటలు మందు ముట్టకూడదు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌తో నోరు పుక్కిలించడం కూడా నిషేధమే. (మన పండగలప్పుడు ఇప్పసారా, జీలుగు కల్లు సంగతి తెలిసిందే కదా, ఆ రోజుల్లో సెలవు పెట్టుకోవాల్సిందే.) జలుబు చేసి చెవులు మూసుకుపోయినా, నిద్ర సరిపోకపోయినా "ఈ రోజు నేను నడపలేను" అని పైలటే చెప్పాలి. మనం జ్వరంతో కూడా కూలికి పోయేవాళ్లం కాబట్టి ఇది మనకు వింతగా ఉంటుంది. అక్కడ ఓర్చుకుని పనికి రావడం గొప్ప కాదు, తప్పు.

తర్వాత లెక్కలు. వెళ్లే దారిలో, దిగే చోట వాతావరణం ఎలా ఉందో చూస్తారు. ఇంధనం ఎంత కావాలో చూస్తారు. వైజాగ్ పోవాలంటే వైజాగ్ వరకే పోసుకుంటే కుదరదు. అక్కడ వానకో పొగమంచుకో దిగలేకపోతే ఇంకో ఎయిర్‌పోర్టుకు పోవడానికి సరిపడా ఉండాలి, అది అయ్యాక కూడా అరగంట గాల్లో తిరిగేంత మిగలాలి. మేం ఎక్కించిన సామాను బరువు, ప్రయాణికుల బరువు, ఏది ముందు ఏది వెనక అన్నది ఒక కాగితం మీద లెక్క కట్టి కాక్‌పిట్‌కు వెళ్తుంది. దాన్ని లోడ్ షీట్ అంటారు. అది సరిగ్గా ఉందని ఒప్పుకునే బాధ్యత కెప్టెన్‌ది. ముందు అరలో పెట్టాల్సిన సంచులు మేం వెనక అరలో పెడితే విమానం తూకం మారిపోతుంది. అంటే మా చేతి పనికి కూడా చివరికి జవాబుదారు ఆయనే.

నాకు బాగా నచ్చేది ఆ తర్వాత పని. ఇద్దరు పైలట్లలో ఒకరు మెరిసే జాకెట్ వేసుకుని కిందికి దిగి, విమానం చుట్టూ ఒక రౌండ్ కొడతారు. టైర్లు, ఇంజన్ రెక్కలు, వేగం కొలిచే సన్న గొట్టాలు, ఎక్కడైనా ఆయిల్ కారుతోందా, పక్షి గుద్దిన గుర్తు ఏమైనా ఉందా, అన్నీ చూస్తారు. రెండేళ్ల కింద ఒక రాత్రి, ఆఖరి ఫ్లైట్. కో-పైలట్ చిన్న వయసు అమ్మాయి, టార్చి పట్టుకుని చక్రం దగ్గర కూర్చుండిపోయింది. టైరు మీద ఒక కోత. మేమైతే చూసి కూడా వదిలేసేవాళ్లమేమో, అంత చిన్నది. ఆమె ఇంజనీర్‌ను పిలిచింది. ఆయన కొలిచి చక్రం మార్చాలన్నాడు. గంటన్నర ఆలస్యం. లోపల జనం కేకలు. కెప్టెన్ ఆమె కంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు, తనే బయటికి వచ్చి ప్రయాణికులకు సంగతి చెప్పాడు. కిందికి దిగి ఆ కోత చూసి, ఆమె వైపు తలూపి "గుడ్ క్యాచ్" అన్నాడు. ఆలస్యం ఎందుకు చేశావని ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు "వాటంతటవే పోతాయి" అన్న తమ్ముడికి. మామూలుగా విమానాన్ని పైకి లేపేది పైలటే, ఎక్కువసార్లు దించేదీ పైలటే. మధ్యలో ఆటోపైలట్ నడుపుతుంది నిజమే, కానీ దానికి ఏం చెప్పారో అదే చేస్తుంది. ఒకరు నడుపుతుంటే రెండోవారు మీటర్లు చూస్తూ, రేడియోలో మాట్లాడుతూ, మొదటివారి మీద కూడా కన్నేసి ఉంచుతారు. పది వేల అడుగుల లోపు ఉన్నంతసేపు కాక్‌పిట్‌లో పనికి సంబంధం లేని మాట ఒక్కటి ఉండకూడదు. రన్‌వే మీద పరిగెత్తేటప్పుడు ఒక వేగం ఉంటుంది, దాన్ని వీ-వన్ అంటారు. ఆ లోపు తేడా కనిపిస్తే ఆపొచ్చు. అది దాటితే ఇంజన్ పోయినా సరే, పైకి లేవాల్సిందే, ఎందుకంటే ఆగడానికి రన్‌వే సరిపోదు. అందుకే వీ-వన్ రాగానే కెప్టెన్ ఇంజన్ లీవర్ల మీద నుంచి చెయ్యి తీసేస్తాడు, పొరపాటున కూడా వెనక్కి లాగకుండా. 180 మందిని వెనక పెట్టుకుని ఆ నిర్ణయం రెప్పపాటులో తీసుకోవాలి. దాన్ని కూర్చోడం అంటామా?

ఇక నేను అసలు చెప్పాలనుకున్న విషయం. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు, 8 మంది బతికారు. విచారణలో తేలింది ఏంటంటే, కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయాడు. దిగేటప్పుడు విమానం ఉండాల్సిన దాని కంటే బాగా ఎత్తులో ఉంది. కో-పైలట్ "గో అరౌండ్" అని మూడుసార్లు అన్నాడు, అంటే దిగొద్దు, మళ్లీ పైకి లేచి తిరిగి వద్దాం అని. కెప్టెన్ వినలేదు. మాట వినకపోతే కంట్రోల్ తన చేతిలోకి తీసుకోవాలని కో-పైలట్లకు నేర్పిస్తారు. నేర్పినంత సులువు కాదు, పక్కన ఉన్నది పెద్ద సారు.

ఇది చదివినప్పుడు నాకు మన హాస్టళ్లు గుర్తొచ్చాయి. సార్ ముందు నోరెత్తకపోవడమే మంచి పిల్లాడి లక్షణం అని ఆశ్రమ పాఠశాలలో పెరిగినోళ్లం. ఐటీడీఏ ఆఫీసు వరండాలో చెప్పులు విప్పి గంటలు నిలబడే నాన్నల్ని చూసినోళ్లం. ఇంగ్లిష్, మ్యాథ్స్ కష్టపడితే వస్తాయి. పెద్దోడు తప్పు చేస్తుంటే "వద్దు సార్" అనడం మనకు అంతకంటే కష్టం. కానీ మనలో అది అసలు లేదంటే నేను ఒప్పుకోను. ఇప్పపూలు ఏరడానికి పోయినప్పుడు ఎలుగు జాడ కనబడితే పదేళ్ల పిల్లైనా ముందు కేకేస్తుంది. అప్పుడు తాతైనా సరే ఆగిపోతాడు, నువ్వు చిన్నదానివి అనడు. కాక్‌పిట్‌లో కావాల్సింది అదే కేక.

మన పక్కనే ఉన్న మల్కన్‌గిరి నుంచి అనుప్రియ లక్రా అనే ఆదివాసీ అక్క ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి పైలట్ శిక్షణకు పోయింది. 2019లో కో-పైలట్ అయిందని పత్రికలన్నీ రాశాయి. వాళ్ల నాన్న పోలీసు శాఖలో హవల్దారు. కాబట్టి నవ్వే విషయమేం కాదు.

చెల్లీ, నీకు పనికొచ్చేవి చెప్తా. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి, నీకున్నాయి. బైపీసీ వాళ్లు ఓపెన్ స్కూల్‌లో మ్యాథ్స్ రాసుకోవచ్చు. కమర్షియల్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి, 200 గంటలు నడిపి ఉండాలి, డీజీసీఏ పేపర్లలో ఒక్కోదాంట్లో 70 శాతం రావాలి. పేపర్లన్నీ ఇంగ్లిష్‌లోనే. ఖర్చు పదుల లక్షల్లో ఉంటుంది, దాచి చెప్పను. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇగ్రువా ఉంది, దాని ప్రవేశ పరీక్ష ప్రకటన చూస్తూ ఉండు. హైదరాబాద్‌లో బేగంపేటలో కూడా ఏవియేషన్ అకాడమీ ఉంది. అన్నిటికంటే ముందు డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2 మెడికల్ చేయించుకో, తర్వాత క్లాస్ 1. కళ్లద్దాలు ఉన్నా ఫర్వాలేదు, రంగులు గుర్తుపట్టే చూపు మాత్రం పరీక్షిస్తారు. అందులో పాస్ అయ్యేదాకా, సీటు ఇప్పిస్తామని ఎవరు ఫోన్ చేసినా, మీ నాన్నతో పొలం మాత్రం తాకట్టు పెట్టించకు.