పాయింటు దగ్గర ఆగిన బండి

మా మేడ మీద గదిలో ఎనిమిదడుగుల ప్లైవుడ్ బల్ల ఉంది. దాని మీద ఏలూరు నుంచి కైకలూరుకు రైలు వెళ్తుంది. నవ్వకండి. మధ్యలో కొల్లేరు ఉండగా ఆ రెండు ఊళ్లకీ నేరుగా రైలేమిటి అంటారు, నాకూ తెలుసు. పుట్టింటికి నేనెప్పుడూ బస్సులో ఆటపాక మీదుగా వెళ్లినదాన్నే. మా వాడు ఎనిమిదో తరగతిలో ఉండగా వాళ్ల నాన్నతో కలిసి వేసిన లైను అది. కొల్లేరుకి నీలం రంగు, ఒడ్డున మట్టితో చేసిన గూడబాతులు. బాతులు మాత్రం నేను చేశాను.

గొడవంతా ఒక్క చోటే. ఏలూరు స్టేషను దాటగానే మెయిన్ లైను నుంచి కైకలూరు లైను చీలే పాయింటు. చిన్న ఇంజను దాని మీదకొచ్చి ఆగిపోతుంది. పొడుగు పెట్టెలైతే పట్టాలు దిగిపోతాయి. కాఫీ ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా నేను వేలితో ఒక్క తోపు తోసి "పోతుందిలే" అనేదాన్ని.

"స్పీడుగా పోనిస్తే దిగిపోదూ మరి" అని ఈయన. "చవగ్గా వచ్చిందని మీరే కదా కొన్నారు" అని వాడు. ఇద్దరిదీ నిజమే. వాడు ఇంటర్‌కి వచ్చాక ఆ పాయింటు మాట మార్కుల మీదకీ, మార్కుల మాట ఫోను మీదకీ పోవడం మొదలైంది. మొన్న శ్రావణంలో ఒక రాత్రి భోజనాల దగ్గర వాడు "ఆ సెట్టంతా అమ్మేద్దాం, ఎవరాడుతున్నారు" అన్నాడు. ఈయన మజ్జిగ పోసుకోకుండానే చెయ్యి కడిగేసుకున్నారు. అక్కడా నేను తోపు తోయబోయాను, "చిన్నపిల్లాడు, వదిలెయ్యండి" అని. ఎవరూ కదల్లేదు.

ఇక్కడ మా మావయ్య గారి సంగతి చెప్పాలి. ఆయన రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఎక్కువ కాలం గూడెంలోనే, అదే తాడేపల్లిగూడెంలో. పాయింట్లు వెయ్యడమే ఆయన ఉద్యోగం. అలాంటి మనిషి ఇంట్లో ఉండగా మూడేళ్లు మేం పాయింటు గురించి కొట్టుకున్నాం! చేతులు వణుకుతాయి, అత్తయ్య పోయాక మాటా తగ్గింది, ఈ బొమ్మరైలు ఆయనకెందుకులే అనుకున్నాం. అసలు ఆ బల్ల వేయడానికి చోటు చాలక ఆయన పడక్కుర్చీని వరండాలోకి మార్చింది నేనే.

మర్నాడు మధ్యాహ్నం ఆయన్ని పిలిచాను. "మావయ్య గారూ, ఒకసారి పైకొచ్చి చూస్తారా?"

ఇంజను జోలికే పోలేదు. టార్చి అడిగారు. పాయింటులో అటూ ఇటూ జరిగే సన్నటి పట్టా ఉంటుంది కదా, దాన్ని టంగు రైలు అంటారట. న్యూసు పేపరు ముక్క చించి ఆ టంగుకీ, పక్కన కదలకుండా ఉండే స్టాకు రైలుకీ మధ్య పెట్టి మూయమన్నారు. కాగితం లాగితే సుతారంగా వచ్చేసింది.

"టంగు అతుక్కోవడం లేదమ్మా. ఆ సందులో చక్రం అంచు దూరితే ముందు చక్రాలొక దారి, వెనక చక్రాలొక దారి."

అసలు రైల్వేలో 5 మిల్లీమీటర్ల ముక్క అడ్డం పెట్టి చూస్తారట. అది అడ్డముండగా పాయింటు లాక్ పడకూడదు. పడిందంటే ఆ లాకుని నమ్మడానికి లేదు. ఇంకోటీ చెప్పారు. బండి చీలే వైపు నుంచి వస్తే ఫేసింగ్, కలిసే వైపు నుంచి వస్తే ట్రైలింగ్. ట్రైలింగులో మా బొమ్మ పాయింటు టంగుని చక్రాలే తోసుకుని పోతాయి. ఫేసింగులో ఏ దారో చెప్పేది టంగే. "భయమంతా ఫేసింగు దగ్గరే." అంతసేపు ఆయన మాట్లాడి ఎన్నాళ్లయిందో.

సాయంత్రం ముగ్గురూ బల్ల చుట్టూ చేరారు. మావయ్య గారు నా టైలరింగు టేపు తెప్పించి పట్టాల మధ్య కొలిచి పెదవి విరిచారు. పదహారున్నర మిల్లీమీటర్లు. ఈ సైజులో అన్నీ అసలుదానిలో 87వ వంతు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు కాబట్టి పంతొమ్మిది దాటాలి. ఇది విదేశాల్లోని 1435 లెక్క అని మా వాడు చెప్పాడు. "అయితే మీది దొరల లైనురా" అన్నారు.

ఇంజను ఎందుకు ఆగుతోందో మాత్రం మా వాడే కనిపెట్టాడు. పట్టాలు ఒకదాన్నొకటి దాటే క్రాసింగు మా పాత పాయింటులో ప్లాస్టిక్. నాలుగు చక్రాల చిన్న ఇంజను దాని మీదకి రాగానే కరెంటు అందదు. అందుకని ఇంగ్లండు పీకో కంపెనీ వాళ్లది, లోహపు క్రాసింగున్నది కొనాలని తేలింది. వంపు ఎంత అనే దగ్గర మళ్లీ పేచీ. 610 మిల్లీమీటర్ల వ్యాసార్ధమైతే చోటు కలిసొస్తుందని ఈయన. మన పెట్టెలు ఈ సైజులో పాతిక సెంటీమీటర్ల పొడుగు, అంత వంపులో ఒకదాన్నొకటి లాక్కుంటాయి, 914ది కావాలని వాడు. మావయ్య గారు తేల్చేశారు: "యార్డులో ఎనిమిదిన్నరకి ఒకటి వేసుకో, ఎవడొద్దన్నాడు. పాసింజరు బండి తిరిగే చోట పన్నెండుకి ఒకటి. మెయిన్ లైను దగ్గర పీనాసితనం పనికిరాదు."

కంపెనీ వాళ్ల కాగితం నమూనా ప్రింటు తీసి ముందు బల్ల మీద పరిచి చూశారు, మనం జాకెట్టుకి ముందు కాగితం కత్తిరించుకున్నట్టు. పాతదాని కన్నా అంగుళం పైగా పొడుగు. పక్క పట్టా ఆ మేరకు కొయ్యాలి. ధర విన్నాక ఒక్కటే కొందామన్నారు. డబ్బు నా చీటీలోది.

పాతది ఊడదీయడం నా పనే అయింది. కంకర పేరుతో జల్లించిన ఇసక ఫెవికాల్‌తో అంటించి ఉంది. గోరువెచ్చటి నీళ్లు చుక్కలు చుక్కలుగా వేసి, గంట నాననిచ్చి, అట్లకాడ కిందికి దూర్చి మెల్లగా లేపాను. అట్టు మాడకుండా తియ్యడం వచ్చినవాళ్లకి ఇదేం కష్టం కాదు. కొత్తది పెట్టి కరెంటిచ్చారు. బల్ల మొత్తం ఆగిపోయింది! లోహపు క్రాసింగు దాటాక లోపలి రెండు పట్టాలకీ ప్లాస్టిక్ జాయినర్లు వెయ్యాలి, లేకపోతే షార్ట్ అవుతుంది. ఈయన అన్నీ లోహపువే వేశారు. మా వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఈయనా నవ్వారు. నేను కిందకి వచ్చేశాను, కుక్కరు కూతలు ఎన్నయ్యాయో లెక్క తప్పింది.

ఇప్పుడు కాగితం ముక్క పెడితే రావడం లేదు. చిన్న ఇంజను ఆగకుండా కొల్లేరు దాటుతోంది. అమ్మకం మాట మళ్లీ రాలేదు. మార్కుల మాట వస్తూనే ఉంది. పడక్కుర్చీ పైగదికి చేరింది. బల్లకీ గోడకీ మధ్య నేను ఒంటిపాయగా నడవాల్సి వస్తోంది.

అయితే స్టేషను లూపు లైనుకి కొల్లేరు వైపు కొసన పాత రకం పాయింటు ఇంకా ఉంది. దాని టంగూ సరిగ్గా అతకదు. బండి బయటికి వెళ్లేటప్పుడు ట్రైలింగు కాబట్టి ఫరవాలేదు, తిరిగొచ్చేటప్పుడు ఫేసింగు, ఒప్పుకోనంటారు మావయ్య గారు. కాబట్టి మా కైకలూరు పాసింజరు వెళ్తుంది గానీ తిరిగి రాదు. నిన్న నేను ఆయన కునికిపాటులో ఉన్నారు కదా అని మెల్లగా వెనక్కి నడిపించి, పాయింటు దగ్గర ఆగితే అలవాటుగా వేలు పెట్టబోయాను.

"తొయ్యకమ్మా" అన్నారు కళ్లు మూసుకునే.

పెట్టెలు ఒక్కొక్కటే ఎత్తి, కొంగులో వేసుకుని, ఏలూరు తెచ్చి పెట్టాను. చీటీ మళ్లీ కార్తీకంలో వస్తుంది.