రైఫిల్ లేని దుర్బీన్

పాత షికారీ రైఫిళ్లు జమ చేసే షౌఖీన్లను మీరెప్పుడైనా కలిశారా? కలిస్తే ఒకటి గమనించి ఉంటారు. రైఫిల్ గురించి పది నిమిషాలు మాట్లాడితే, దాని మీదుండాల్సిన సామాన్ గురించి రెండు గంటలు మాట్లాడతారు. రైఫిల్ సంపాదించడం మరీ ముష్కిల్ కాదు. తాతల వారసత్వమో, డీలర్ దుకాణమో, ఏదో దారిలో లైసెన్సు మీదికి వస్తుంది. 2019లో ఆర్మ్స్ యాక్టును సవరించి, ఒక మనిషి దగ్గర మూడు తుపాకులు ఉండొచ్చన్న హద్దును రెండుకు దించారు. అప్పుడు మూడోదాన్ని వదులుకున్న ఖాందాన్లు చాలా ఉన్నాయి. దొరకనిది ఏమిటంటే, ఆ రైఫిల్‌తో పాటు పుట్టిన దుర్బీన్.

నాది ఉల్టా కేసు. నా దగ్గర దుర్బీన్ ఉంది. రైఫిల్ లేదు.

ఇంగ్లిష్ చదివినవాళ్లు స్కోప్ అంటారు. మా ఇంట్లో ఎవరూ అలా అనలేదు. తోలు డబ్బాలో పడుకున్న ఒక నల్లటి ఉక్కు గొట్టం. పైన సన్నటి అక్షరాల్లో ‘కార్ల్ జైస్, యేనా’ అనీ, ‘జీల్‌ఫియర్’ అనీ చెక్కి ఉంటుంది. జర్మన్‌లో జీల్ అంటే నిషానా, ఫియర్ అంటే నాలుగు. చూసేదాన్ని నాలుగింతలు దగ్గరికి తెస్తుందన్నమాట. రెండో జంగ్‌కు ముందు జర్మనీ నుంచి వచ్చిన షికారీ దుర్బీన్లలో ఇది పేరున్న రకం. షౌఖీన్లు ఊరి పేరును బట్టే సాల్ అందాజా వేస్తారు. జంగ్ తర్వాత జర్మనీ రెండు ముక్కలైంది, జైస్ కంపెనీ కూడా రెండైంది. పశ్చిమం వైపు దుకాణం ఓబర్‌కోహెన్‌లో తెరిచారు. కాబట్టి ఓబర్‌కోహెన్ అని ఉంటే అది 1945 తర్వాతి మాల్ అని తేలిపోతుంది.

అద్దాల మీద నీలం రంగు ఝలక్ ఉందా లేదా అని కూడా చూస్తారు. మెరుపు తగ్గించే పూతను జైస్‌లో పనిచేసే స్మాకులా అనే సైంటిస్టు 1935లో కనిపెట్టాడు. నా దుర్బీన్‌కు ఆ పూత లేదు. అందుకే సూర్యుడికి ఎదురుగా పెడితే లోపలంతా పాలు ఒలికినట్టు ఉంటుంది. మగ్రిబ్ వేళకు మాత్రం దృశ్యం అందంగా తేరుకుంటుంది. కింద నుంచి ఒక మొనదేలిన మేకు, రెండు పక్కల నుంచి రెండు అడ్డ కడ్డీలు. జర్మన్ నిషానా అంటే అదే.

మా దాదా వరంగల్ వైపు ఒక జాగీర్దార్ దగ్గర షికార్‌ఖానాలో నౌకరీ చేసేవాడు. బందూకులు సాఫ్ చేయడం, తేల్ పెట్టడం, కార్తూసులు లెక్కపెట్టడం, మచాన్ దాకా మోసుకెళ్లడం. ట్రిగ్గర్ నొక్కే పని మాత్రం ఆయనది కాదు. పాకాల అడవిలో హాకా కొట్టినవాళ్లు కోయలు. పులి పక్కన నిలబడి ఫొటో దిగినవాళ్లు మేహమాన్లు. మా దాదా ఆ రెండింటి మధ్య, ఫొటో ఫ్రేమ్‌కు కొంచెం బయట ఉండే మనిషి.

1948 సెప్టెంబర్ 13న ఫౌజు రియాసత్‌లోకి వచ్చింది. 17కల్లా అంతా అయిపోయింది. తర్వాత హత్యార్లన్నీ జమ చేయాలన్నారు. జాగీర్దార్ సాబ్ హుకుం మీద దాదా రైఫిళ్లను బండిలో వేసుకుని ఠాణాలో అప్పగించి వచ్చాడు. వాళ్లు అడిగింది బందూకులు. దుర్బీన్ తోలు డబ్బాలో, దాదా ఇంట్లో సాఫ్ చేయడానికి విప్పిపెట్టిన తేల్ షీషీ పక్కన ఉండిపోయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దార్ ఖాందాన్ కరాచీ వెళ్లిపోయింది. ఆ డబ్బా సంగతి ఎవరూ అడగలేదు. దాదా చచ్చేదాకా దాన్ని “అమానత్” అనే అన్నాడు. అబ్బా కూడా అదే మాట అన్నాడు.

రైఫిల్ నుంచి దుర్బీన్ విడిగా ఎందుకుందో నాకు చాలా కాలం సమజ్ కాలేదు. ఇప్పటివాళ్లు స్క్రూలు బిగించి వదిలేస్తారు కదా. ఆ రోజుల్లో జర్మన్ ఉస్తాద్‌లు వేరేలా చేసేవాళ్లు. దుర్బీన్ రింగులకు కింద ఉక్కు పంజాలు ఉంటాయి. రైఫిల్ వీపు మీద వాటికి సరిపోయే గాళ్లు ఉంటాయి. ముందు పంజాలను దూర్చి, వెనక నొక్కితే ‘టక్’ మని కూర్చుంటుంది. మీట లాగితే మళ్లీ చేతికొస్తుంది. ఎందుకంటే గుబురు పొదల్లో జానవర్ ఇరవై అడుగుల్లోకి వచ్చేస్తే నాలుగింతల దుర్బీన్‌లో కనపడేది ఉత్త చర్మమే. అప్పుడు దాన్ని లాగేసి, నాళీ మీది మామూలు పత్తీలతోనే గురి చూడాలి. అందుకే దానికి వేరే డబ్బా, దాన్ని మోయడానికి వేరే మనిషి. ఆ మనిషి మా దాదా.

ఈ పంజాలు మిషన్ మీద తయారై దుకాణంలో దొరికే మాల్ కాదు. ఆకురాయితో రాకి రాకి, ఒక్క రైఫిల్‌కే సరిపోయేలా చేసేవాళ్లు. పక్కనే అదే కంపెనీ, అదే సాల్, అదే బోరు రైఫిల్ ఉన్నా దాని మీద కూర్చోదు. ఏ రింగు ఏ రైఫిల్‌దో కలిసిపోకుండా చాలాసార్లు రైఫిల్ నంబరులోని అంకెలను రింగు మీద కొట్టేవాళ్లు. నా దాని మీద 3714 అని ఉంది. ఇంకో తమాషా. దుర్బీన్ మీదున్న చక్రం గురిని పైకీ కిందికీ మాత్రమే జరుపుతుంది. ఎడమకూ కుడికీ జరపాలంటే ఆ ఏర్పాటు రైఫిల్ మీది వెనక గాడి దగ్గరుంటుంది. అంటే నా దగ్గరున్నది సగం ఔజార్. మిగతా సగం ఎక్కడో ఉంది, లేదా కరిగిపోయింది.

జర్నలిస్టు బుద్ధి కదా, ఊరుకోలేదు. జుమెరాత్ బజార్లో తిరిగాను. పాత తేల్ షీషీలు, ఖాళీ కైనాక్ కార్తూస్ డబ్బాలు, తోలు పట్టీలు పోగేశాను. కలకత్తా మాంటన్ దుకాణం పేరున్న ఒక పాత పెట్టె కూడా దొరికింది. బందూకు మాత్రం కొనలేదు, లైసెన్సూ అడగలేదు. దోస్తులు మజాక్ చేస్తారు. “మియా, నువ్వు రాసే వ్యాసాలకే ఫోన్లొస్తున్నయ్. ఈ పేరు పెట్టుకొని బందూక్ కూడానా?” నవ్వుతాం. నవ్వాక కాసేపు ఎవరం మాట్లాడం.

పోయిన రమ్‌జాన్ తర్వాత ఒక షౌఖీన్ మా ఇంటికొచ్చాడు. మర్యాదస్తుడు. ఆయన దగ్గర ఒక మౌజర్ ఉంది, రిగ్బీ దుకాణంలో తయారైంది, .275 బోరు. 1907లో చంపావత్ ఆడపులిని చంపాక జిమ్ కార్బెట్‌కు ఇనామ్‌గా ఇచ్చింది అదే రకం. అందుకే ఆ బోరంటే షౌఖీన్లకు అంత ఇష్ఖ్. ఆయన రైఫిల్ మీద వెనకటి మాలిక్ ఎవరో బెజ్జాలు వేసి కొత్త అల్యూమినియం స్కోప్ బిగించాడట. “షేర్వానీ మీద స్పోర్ట్స్ బూట్లు తొడిగినట్టుంది సాబ్” అని బాధపడ్డాడు. ఆ జమానాకు తగ్గ దుర్బీన్ కావాలి. నా జీల్‌ఫియర్‌ను కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత ఒక రకమ్ చెప్పాడు. మా బిడ్డ కాలేజీ ఫీజు రెండేళ్లకు సరిపోతుంది.

“పంజాలు మీ రైఫిల్‌కు కూర్చోవు కదా?” అన్నాను.

“రాకిస్తా. లేదంటే రింగులు తీసేసి కొత్తవి వేయిస్తా” అన్నాడు.

రింగులు గొట్టానికి టంకంతో అతికించి ఉన్నాయి. తీయాలంటే కాల్చాలి. లోపలి అద్దాలను జతచేసింది కెనడా బాల్సమ్ అనే చెట్టు బంక. వేడి తగిలితే అది పొగచూరినట్టు మసకబారుతుంది. అబిడ్స్‌లో కెమెరాలు బాగుచేసే ఉస్తాద్ కూడా అదే చెప్పాడు. అద్దం బతికినా 3714 బతకదు.

రాత్రి అమ్మీతో చెప్పాను. ఆమెకు ఎనభై దగ్గరపడ్డాయి, లెక్కలు మాత్రం పక్కా. “అమానత్, అమానత్ అనుకుంటూ మీ దాదా పోయిండు, మీ అబ్బా పోయిండు. ఆ జాగీర్దార్ అయిదు నెల్ల తన్‌ఖా ఇయ్యకుండ పోయిండు కదరా. అది ఎవరి దగ్గర అమానత్ ఉంది? అమ్ముకో బేటా.”

ఆమె మాటలో గల్తీ ఏముంది? నిద్ర పట్టలేదు. బడిలో ఉర్దూలో అమానత్ అని చదివినవాణ్ని, డిగ్రీలో తెలుగులో ‘నిక్షేపం’ అని చదివాను. నిక్షేపానికి పాతిపెట్టిన ధనం అనే అర్థం కూడా ఉంది. దొరికినవాడికి దక్కుతుందన్న ఆశ అందులో ఎక్కడో దాక్కుని ఉంటుంది. అమానత్‌లో ఆ ఆశకు జాగా లేదు. పెట్టినవాడు రాకపోయినా, తన్‌ఖా ఎగ్గొట్టి పోయినా, అది అమానత్‌గానే ఉంటుంది. జాగీర్దార్ మంచివాడు కాబట్టి దాదా దాన్ని కాపాడలేదు. తాను దాదా కాబట్టి కాపాడాడు.

పొద్దున షౌఖీన్‌కు ఫోన్ చేసి ఇవ్వనని చెప్పాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. “మీ రైఫిల్ దొరికితే నన్ను పిలవండి, ఆ ‘టక్’ మనే చప్పుడు నేనూ వింటా” అన్నాడు. ఫీజుకు బ్యాంకు లోన్ పెట్టాను. అమ్మీ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు డబ్బా తోలు ఎండిపోతోందని తానే కొబ్బరి నూనె తెచ్చింది. తోలుకు కొబ్బరి నూనె వద్దని చెప్పేలోపే సగం రాసేసింది.

ఇప్పుడు మీకో అర్జీ. మీ ఇంట్లోనో, మీకు తెలిసిన ఖాందాన్‌లోనో లైసెన్సు మీద పాత మౌజర్ ఉంటే ఒకసారి దాని వీపు చూడండి. నాళీ మొదట్లో ఒకటి, దాని వెనక ఒకటి, ఖాళీగా ఉన్న చతురస్రపు గాళ్లు కనిపిస్తే నంబరు చివర చూడండి. 3714 ఉంటే కబురు పెట్టండి. కొనను, అడగను. మాలిక్ మీరే అయితే దుర్బీన్ కూడా మీదే, డబ్బాతో సహా తెచ్చిస్తాను. తేల్ షీషీ మాత్రం ఇవ్వను. అది దాదా తన పైసలతో కొన్నది.