గట్టు

సాయంత్రం పడవల ఇంజన్లు ఆగాక కుమరకంలో, వేంబనాడు సరస్సు మీద నీటికాకుల రెక్కల చప్పుడు తప్ప ఏమీ వినబడదు. ఈసారి ల్యాప్‌టాప్ తేలేదు, నాన్నని తీసుకొచ్చాను.

మాది కొల్లేటి లంక. కొల్లేరునీ వేంబనాడునీ రామ్‌సర్ జాబితాలో చేర్చింది ఒకే ఏడాది, 2002లో. 2006లో కొల్లేట్లో చేపల చెరువుల గట్లు పేల్చినప్పుడు మా చెరువూ పోయింది. నా ఇంజనీరింగ్ ఫీజు దాని మీదే ఆధారపడి ఉంది. నాన్న అప్పు చేసి కట్టారు. ఆ తర్వాత మా ఇంట్లో పక్షుల ఊసెత్తితే ఆయన లేచి వెళ్ళిపోయేవారు.

మర్నాడు తన్నీర్‌ముక్కం బ్యారేజీకి వెళ్ళాం. కుట్టనాడు వరిచేలల్లోకి ఉప్పునీరు రాకుండా 1970ల్లో కట్టింది. గేట్లు దించితే, గుడ్లు పొదగడానికి ఉప్పునీటి వైపు పోయే మంచినీటి రొయ్యలు ఇవతలే ఆగిపోతాయని పడవతను చెప్పాడు.

నాన్న చాలాసేపు ఆ గేట్లకేసి చూశారు. "మన గట్టూ ఇలాగే దేనికో అడ్డం పడే ఉంటుందిరా," అన్నారు.

ఇన్నేళ్లలో ఆ చెరువు గురించి ఆయన నాతో అన్న మొదటి మాట అది. ఆ అప్పు ఎలా తీర్చారో అడుగుదామనుకున్నాను. అడగలేకపోయాను.