ఏల తీసితిమో!

పవర్ బటనును, ధ్వనిని తగ్గించు బటనును ఒకే క్షణమున అదిమి, అంతలోనే విడిచిపెట్టుట చెప్పినంత తేలికయైన పని కాదు. మొదటిది రెప్పపాటు ముందైనచో తెర చీకటియగును. రెండవది ముందైనచో ధ్వని ఒక మెట్టు దిగును. రెండును సరిగా జతకుదిరినపుడు మాత్రమే తెర తళుక్కుమని, ఎదుట కనబడుచున్న దృశ్యము చిన్న బొమ్మయై ఒక మూలకు ఒదిగి నిలుచును. ఇంటిలోని పెద్దవారు ఈ విద్యను అభ్యసించుచుండగా చూచుట ఒక వేడుక. ఫోనును రెండు చేతులతో పట్టుకొని, ఊపిరి బిగబట్టి, కనుబొమలు ముడిచి, ఉన్న బలమునంతటిని వ్రేళ్లలోనికి తెచ్చుకొని నొక్కుదురు. తెర ఆరిపోగానే "చచ్చిందిరా ఇది" అని మనుమనికి అప్పగింతురు. వాడు ఎటో చూచుచు, ఒంటిచేతితో, పని ముగించి ఇచ్చివేయును. ఈ అవస్థను కనిపెట్టియే కాబోలు ఫోనులు చేయువారు ఉపాయాంతరములను కల్పించిరి. శాంసంగు ఫోనులలో అరచేతి అంచుతో తెరను ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు నిమిరిన చాలును. షావోమీ ఫోనులలో మూడు వ్రేళ్లను పైనుండి క్రిందికి జార్చవలెను. ఐఫోనునకైతే 2020 నుండి వీపు తట్టినను పని జరుగునట్లు అమర్చుకొనవచ్చును. వీపు తట్టి పని చేయించుకొనుట మనకు క్రొత్త విద్య కాదు గనుక ఈ మూడవ పద్ధతి నాకు మిక్కిలి నచ్చినది.

1981 లో ఐబీఎం సంస్థ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరు కీబోర్డుపై ఇట్టి పనికై ఒక మీట ఉండెను. షిఫ్టు మీటతో కలిపి దానిని నొక్కినచో తెరమీది అక్షరములు ప్రింటరు ద్వారా కాగితముపైకి దిగివచ్చెడివి. కాగితమునకు ఖరీదు కలదు, సిరాకు ఖరీదు కలదు. అందుచేత ఆ మీటపై వ్రేలు ఉంచినవానికి, ఇది నాకు నిజముగా కావలయునా అను ప్రశ్న ఎదురుకాక తప్పెడిది కాదు. 2008 లో ఐఫోనునకును, 2011 లో ఆండ్రాయిడు నాలుగవ సంచికతో తక్కిన ఫోనులకును ఈ సౌకర్యము సంక్రమించిన పిమ్మట కాగితము పోయెను, ఖరీదు పోయెను, వానితోపాటు ఆ ప్రశ్నయు పోయెను.

కాబట్టి నేడు మన ఫోనులలోనికి చేరని వస్తువు లేదు. విజయవాడనుండి సికింద్రాబాదునకు కొన్న రైలు టిక్కెట్టు, తిరుమలలో మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనమునకు దొరికిన సమయము, అబ్బాయి ప్రవేశపరీక్ష హాల్‌టికెట్టు, అమ్మాయి నిశ్చితార్థమునకు పురోహితుడు వాట్సాపులో పంపిన ముహూర్తము, మీభూమిలో చూచుకొన్న పొలపు వన్‌-బీ, కరెంటు బిల్లు కట్టినట్లు పచ్చని టిక్కు గుర్తు, పండుమిరపకాయ పచ్చడికి ఎవరో చెప్పిన కొలతలు, డల్లాసులోని కోడలు వీడియో కాలులో మనుమని ఎత్తి చూపిన క్షణము, బంధువుల గ్రూపులో ఒకరినొకరు అనుకొన్న మాటలు — అన్నవారు తరువాత తుడిచివేయుదురేమో యను దూరదృష్టితో తీసినవి — ఇవియన్నియు ఏ వరుసయు, ఏ తారతమ్యమును లేక ఒకే అరలో ప్రక్కప్రక్కల పడియుండును. దేవుని దర్శనమునకును దాయాదుల దెబ్బలాటకును నడుమ ఒక వ్రేలి జరుపు మాత్రమే దూరము.

వీనిలో కొన్నింటిని తీయుట న్యాయమే. సిగ్నలు అందని చోట రైలులో కూర్చున్నవానికి ఆ బొమ్మయే ఆధారము. వీడియో కాలు ముగిసిన పిమ్మట మనుమని నవ్వు మరల దొరకునది కాదు. కాని తక్కినవానిని ఏల తీసితిమి? దీర్ఘమైన వ్యాసమొకటి ఎదురగును, మంచిదేయని తోచును, చదువుటకు ఓపిక చాలదు, విడిచిపెట్టుటకు మనసొప్పదు, ఈ రెంటి నడుమ సంధి కుదుర్చుటకు రెండు బటనులు కలవు. వానిని నొక్కినంతనే చదివినంత తృప్తి కలుగును. ఒక్క తెరలో పట్టని వ్యాసమైనను భయములేదు: 2019 నుండి ఐఫోను వెబ్ పుటనంతటిని పీడీఎఫ్‌గా ఒక్కమారు చుట్టి ఇచ్చుచున్నది, 2021 లో వచ్చిన ఆండ్రాయిడు 12 తెరను క్రిందికి దొర్లించుకొనుచు పొడుగాటి బొమ్మను తీసి పెట్టుచున్నది. రేపటి 'నేను' ఒకడు కలడనియు, నేటి నాకు లేని తీరికయు, ఓపికయు, జిజ్ఞాసయు ఆతనికి సమృద్ధిగా ఉండుననియు నమ్మి, ఈ బరువునంతటిని ఆతని పేర జమచేయుచున్నాము. ఆతడు ఇంతవరకు రాలేదు.

సాక్ష్యమునకై తీసిన బొమ్మలు మరియొక జాతి. పూర్వము మాట నెగ్గించుకొనదలచినవాడు ఒట్టు పెట్టెడివాడు. నేడు స్క్రీన్‌షాట్ పెట్టుచున్నాడు. ఒట్టు తీసి గట్టున పెట్టుట ఎంత సులభమో ఈ బొమ్మను మార్చుటయు అంత సులభమని అందరికి తెలిసియు, ఎదుటివానిది చూచినపుడు మాత్రము ఆ సంగతి మరతుము. ఈ మరపు ఖరీదును ముందుగా చెల్లించినవారు కిరాణా కొట్టువారు. సరుకు సంచిలో వేసికొని, "పంపించానండీ" అని తెర చూపి నడచిపోవువాని బొమ్మ నిన్నటిదో, మరియొకనిదో, పేరును మొత్తమును మార్చి వండినదో, ముందర నలుగురు బేరగాండ్రు నిలిచియున్న సమయమున కొట్టువాడు ఎట్లు తెలిసికొనగలడు? చెల్లింపునకు గుర్తైన పన్నెండంకెల యూటీఆర్ సంఖ్యను తన ఖాతాతో సరిచూచుకొను తీరిక ఎవనికి కలదు? అందుచేతనే గల్లాపెట్టె ప్రక్కన మాట్లాడు పెట్టె వెలసినది. ఇన్ని రూపాయలు అందినవని అది గొంతెత్తి పలికిన పిమ్మటగాని పొట్లము చేతికి రాదు. కన్నది నిజము, విన్నది అబద్ధమని పెద్దలు చెప్పుచు వచ్చిరి. మన అంగడులలో ఆ మాట తారుమారై, కన్నదానిని నమ్మక విన్నదానిని నమ్మవలసి వచ్చినది.

న్యాయస్థానములు ఈ సంగతిని అంగడివారికంటె ముందుగనే కనిపెట్టినవి. ఎలక్ట్రానిక్ రికార్డునుండి తీసిన ప్రతిని సాక్ష్యముగా తెచ్చువాడు దానితో ధ్రువపత్రమును కూడ తేవలెనని 1872 నాటి సాక్ష్య చట్టమునకు తరువాత చేర్చిన 65-బి సెక్షను చెప్పుచుండెను. 2014 లో అన్వర్ కేసులో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా నిలిపి, 2020 లో అర్జున్ పండిత్‌రావు కేసులో మరల ధ్రువపరచెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున ఆ స్థానమును 63 వ సెక్షను ఆక్రమించినది. ఇపుడా ధ్రువపత్రమునకు రెండు భాగములు, ఒకదానిపై సాక్ష్యము తెచ్చువాడును రెండవదానిపై నిపుణుడును వ్రాలు చేయవలెను. మూల పరికరమునే, అనగా ఫోనునే, దాని యజమాని స్వయముగా కోర్టులో ఉంచి నిరూపించినచో సంగతి వేరు. కావున, చేబదులు పుచ్చుకొన్నానని మిత్రుడు ఒప్పుకొన్న వాట్సాపు మాటలకు బొమ్మ తీసికొని, ఫోను బరువు తగ్గింతమని ఆ మాటలనే తుడిచివేసిన బుద్ధిమంతుడు, నీడను పదిలపరచి వస్తువును పారవేసినవాడగుచున్నాడు.

చూపుటలో ఇన్ని చిక్కులుండగా దాచుటలో ఉన్న చిక్కు మరింత సూక్ష్మమైనది. ఖాతా సంఖ్యయో, ఇంటి చిరునామాయో కనబడకుండ అంచులు కత్తిరించి బొమ్మను పంపుదుము. కత్తిరించినది పోయినదని మన నమ్మకము. 2023 మార్చిలో సైమన్ ఆరన్స్, డేవిడ్ బ్యుకానన్ అను ఇరువురు ఈ నమ్మకమును తలక్రిందులు చేసిరి. గూగుల్ పిక్సెల్ ఫోనులలోని మార్కప్ అను పనిముట్టుతో కత్తిరించిన స్క్రీన్‌షాట్లలో, పోయినదనుకొన్న భాగము చాలవరకు ఆ ఫైలులోనే దాగియున్నదనియు, దానిని మరల పైకి లాగవచ్చుననియు వారు నిరూపించిరి. కారణము విచారింపగా అతి సామాన్యము. పలకమీది పాత వ్రాతపై చిన్న వ్రాతను వ్రాసి, మిగిలిన కొసను తుడువక విడిచిన పిల్లవాని వలె, ఆ ప్రోగ్రాము పాత పెద్ద ఫైలుపై క్రొత్త చిన్న ఫైలును వ్రాసి, చివర మిగిలిన తోకను కోయుట మరచినది. 2018 లో వచ్చిన పిక్సెల్ 3 మొదలుకొని తరువాతి పిక్సెల్ ఫోనులలో ఇదియే వరుస. కొలది దినములలోనే విండోస్ 11 లోని కత్తిరింపు పనిముట్టునకును ఇదే జాడ్యము కలదని తేలినది. దోషమును సవరించిరి, నిజమే. కాని సవరణకు పూర్వము పంపిన బొమ్మలు పంపినచోటనే ఉన్నవి. ఇంత లోతునకు పోనక్కరలేకయే మోసపోవువారును కలరు: పలుచని హైలైటరును నాలుగుమారులు పులిమి అంకె మాసినదని సంతోషించువారు, బొమ్మ వెలుగు పెంచి ఒకమారు చూచుకొన్నచో ఆ సంతోషము నిలువదు. బ్యాంకుల యాపులు పెక్కు అసలు బొమ్మనే తీయనీయవు. ఒక్కమారు మాత్రమే చూడదగునట్లు వాట్సాపులో పంపిన ఫోటోకును ఇదే కట్టడి. కొందరు దీనిని విసుగుకొందురు గాని నాకు ఇది మర్యాదగనే తోచును. రెండవ ఫోను తెచ్చి మొదటి ఫోను తెరను ఫోటో తీయువానికి మాత్రము ఏ యాపును మర్యాద నేర్పజాలదు.

ఇట్లు పోగుపడినవానిని సర్దుకొనుటయే అసలు కష్టము. గూగుల్ ఫోటోలలో ఎంత దాచినను ఉచితమను భోగము 2021 జూన్ 1 తో ముగిసినది. ఉత్తరములకు, ఫైళ్లకు, ఫోటోలకు కలిపి 15 జీబీ దాటినచో సొమ్ము చెల్లించవలెను. నిండినదను హెచ్చరిక వచ్చిననాడు మనుష్యుడు మేల్కొని, స్క్రీన్‌షాట్ల అర తెరచి, నేడు అంతయు ఊడ్చివేసెదనని నడుము కట్టి కూర్చుండును. తుడిచివేయుటకు భయపడవలసినది లేదు: ఐఫోను తుడిచినదానిని 30 దినములవరకు, గూగుల్ ఫోటోలు తమయొద్ద భద్రపరచినదానిని 60 దినములవరకు చెత్తబుట్టలో అట్టెపెట్టి ఉంచును. అయినను పని సాగదు. ఏలననగా దేనిని ఉంచవలెనో దేనిని తీసివేయవలెనో నిర్ణయించుటకు ప్రతి బొమ్మను చదువవలెను. ఏ చదువును తప్పించుకొనుటకై వానిని తీసెనో ఆ చదువే రాశీభూతమై ఎదుట నిలుచును. చదివినను తేలదు. ఆండ్రాయిడు ఫోను బొమ్మకు పెట్టిన పేరులో సంవత్సరము, నెల, తేదీ, గంట, నిమిషము, సెకనుతో సహా కలవు. ఎన్నడు తీసితిమో అది చెప్పును, ఏల తీసితిమో చెప్పదు. మన తాళపత్ర గ్రంథముల లేఖకులు పలువురు గ్రంథాంతమున సంవత్సరము, మాసము, తిథి, వారము వ్రాసి, అంతటితో ఊరకుండక, ఎవరి చేతివ్రాలో, ఎవరికొరకు వ్రాసినదో కూడ తెలిపెడివారు. కడపలో సి.పి. బ్రౌను తన సొమ్ము వెచ్చించి పండితులచే ప్రతులు సరిపోల్పించి సాపు వ్రాయించిన కాలమునను, ప్రతికి ఒక చేతి శ్రమయు, ఒక సంచి సొమ్మును వ్యయమగుచుండెను గనుక ఏల యను ప్రశ్నకు సమాధానము ముందుగనే సిద్ధమై యుండెడిది.

ఈ కొరతను తీర్చుటకు యంత్రములే పూనుకొన్నవి. బొమ్మలోని అక్షరములను చదివి, అడిగిన మాట ఉన్నదానిని వెదకి తెచ్చు శక్తి గూగుల్ ఫోటోలకు కలదు. 2024 లో పిక్సెల్ 9 తో వచ్చిన ఒక యాపు స్క్రీన్‌షాట్లనన్నిటిని ఫోనులోనే చదివి, ప్రశ్నకు సమాధానము కూడ చెప్పుచున్నది. గొప్పయే, కాని అడుగుటకు ముందు, అడుగవలసినది ఒకటి కలదని జ్ఞప్తికి రావలెను గదా! అంతకంటె, 2022 లో ఐఫోనునకు వచ్చిన చిన్న సదుపాయమును నేను మెచ్చుకొందును: తీసిన బొమ్మను నకలుగా పట్టుకొని, కావలసినవారికి అందించి, దానిని అరలోనికి చేరనీయకయే మాయము చేయవచ్చును. పంపుటకై తీసినది పంపిన పిమ్మట మన యింట ఉండనేల?

నా మిత్రులొకరు, ఉద్యోగవిరమణ చేసిన తెలుగు పండితులు, ఈ యంత్రములనేవియు నమ్మక తామే ఒక మందు కనిపెట్టిరి. తీసిన బొమ్మ మూలకు ఒదిగినంతనే దానిని తాకి, తెరచి, ఎర్రని కలముతో దానిమీదనే, ఏల తీసితిరో ఒక్క మాటలో వ్రాసి దాచుదురు. పద్ధతి విని ముచ్చటపడి, ఒకనాడు వారి ఫోనును అడిగి పుచ్చుకొని చూచితిని. మొదటి బొమ్మలు ఎంతో శ్రద్ధగా ఉండెను: ఒకదానిపై 'బాకీ', ఒకదానిపై 'మోకాలి మందు', ఒకదానిపై 'అల్లునికి చూపవలెను'. రానురాను ఓపిక సన్నగిల్లెనో, కారణములే కరవయ్యెనో, తరువాతి వానిపైనెల్ల 'ముఖ్యము' అను ఒకే మాట కానవచ్చెను. అందులో ఒకటి పేరు లేని ఒక ఫోను నంబరు. దానిక్రింద 'ముఖ్యము', దానిక్రింద రెండు గీతలు. ఇది ఎవరి నంబరని అడిగితిని. కండ్లజోడు సవరించుకొని చాలసేపు చూచి తెలియదనిరి. అట్లయిన తీసివేయరాదా యంటిని. "ముఖ్యమని నా చేత్తో నేనే రాసి పెట్టుకున్నాను గదండీ, ఎట్లా తీసేస్తాను?" అని వారు నన్నే నిలదీసిరి.